రెజోనేటర్ గిటార్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

స్లైడ్ బ్లూస్ (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించే బ్లూస్) కోసం రెజోనేటర్ (లోపలున్న లోహపు కోన్‌తో గట్టిగా మోగే గిటార్) కొనాలని నన్ను అడిగేవాళ్లందరూ ఇంచుమించు బాడీ దగ్గరే మొదలుపెడతారు. ఇత్తడిదా, స్టీలుదా, చెక్కదా అని. నేను మాత్రం ముందు కవర్ ప్లేట్ (కోన్‌ని కప్పే లోహపు మూత) కింద ఏముందో అడుగుతాను.

అపోహ: మెటల్ బాడీ అయితేనే బ్లూస్ సౌండ్ వస్తుంది.

వాస్తవం: ఈ గిటార్‌లో అసలు మోగేది లోపలున్న పల్చటి అల్యూమినియం కోన్. బాడీది రెండో స్థానమే. కోన్ అమరికలు మూడు రకాలు. 1927లో నేషనల్ కంపెనీ తెచ్చిన ట్రైకోన్‌లో 6 అంగుళాల కోన్లు మూడుంటాయి. నోట్ మెత్తగా మొదలై చాలాసేపు నిలుస్తుంది. ఆ తర్వాత వచ్చిన డోబ్రోలో గిన్నెలా పైకి తెరుచుకున్న ఒకే కోన్, దాని మీద సాలీడు కాళ్లలాంటి బ్రిడ్జ్ (తీగలు ఆనే ఆధారం). దాని గొంతు కాస్త ముక్కుతో పాడినట్టుంటుంది, బ్లూగ్రాస్‌కి (అమెరికా పల్లె సంగీతంలో ఒక రకం) బాగా నప్పుతుంది. మూడోది బిస్కెట్ రకం: తీగల వైపు ఉబ్బిన 9.5 అంగుళాల కోన్, దాని కొన మీద చిన్న చెక్క బిళ్ల. మీటగానే ఠంగుమని మోగి త్వరగా ఆరిపోతుంది. పాతకాలపు బ్లూస్ కళాకారులు సన్ హౌస్, బుకా వైట్ వాయించిన మొరటు సౌండ్ నచ్చి వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఇదే. అలాగని ట్రైకోన్ బ్లూస్‌కి పనికిరాదనుకోకండి, మరో బ్లూస్ కళాకారుడు టాంపా రెడ్ చేతిలో ఉన్నది బంగారు పూత పూసిన ట్రైకోనే.

అపోహ: రెజోనేటర్ అన్నా డోబ్రో అన్నా ఒకటే.

వాస్తవం: డోబ్రో అనేది బ్రాండ్ పేరు, డోప్యేరా సోదరుల పేరులోంచి వచ్చింది. అమ్మకం ప్రకటనలో ఆ మాట కనిపిస్తే కోన్ ఏ రకమో విడిగా అడగండి.

అపోహ: స్లైడ్‌కి తీగలు ఎత్తుగా ఉండాలి కాబట్టి స్క్వేర్ నెక్ (నలుచదరపు మెడ) మేలు.

వాస్తవం: స్క్వేర్ నెక్ ఒళ్లో పడుకోబెట్టి, స్టీల్ బార్‌తో వాయించేవాళ్లకి. దాని తీగలు ఫ్రెట్‌కి (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) ఆనేలా నొక్కలేం. చిటికెన వేలికి స్లైడ్ తొడిగి మిగతా వేళ్లతో నొక్కే బ్లూస్‌కి రౌండ్ నెక్కే కావాలి. ఫొటో చూసి మురిసిపోయి స్క్వేర్ నెక్ కొనుక్కున్న ఘనుణ్ణి నేనే.

అపోహ: సన్న తీగలైతే స్లైడ్ సులువు.

వాస్తవం: సులువేమీ కాదు, స్లైడ్ వెళ్లి ఫ్రెట్లకి కొట్టుకుంటుంది. పైగా కోన్‌ని అంటించరు, అంచు మీద ఊరికే కూర్చోబెడతారు, దాన్ని పట్టి ఉంచేది తీగల ఒత్తిడే. ఓపెన్ జీ, ఓపెన్ డీ ట్యూనింగ్‌లలో (ఏ తీగా నొక్కకుండా మీటితేనే ఒక కార్డ్ పలికే శ్రుతులు) కొన్ని తీగల్ని ఇంకా కిందికి దించుతాం, టెన్షన్ మరీ తగ్గిపోతుంది. నేను 13-56 సెట్‌కి (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ, లావు తీగల మందం) తక్కువ వేయను. మార్చేటప్పుడు కూడా ఒక్కో తీగే మారుస్తాను, అన్నీ ఒకేసారి విప్పితే కోన్ జరిగిపోవచ్చు.

అపోహ: జివ్వుమని బజ్ వస్తే కోన్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు కారణం కవర్ ప్లేట్ స్క్రూ వదులవడమో, కోన్ సరిగ్గా కూర్చోకపోవడమో. తీగల మీద అరచెయ్యి ఆనించి ప్లేట్‌ని వేళ్లతో తట్టి చూడండి, గలగలలాడితే తెలిసిపోతుంది. కోన్ నిజంగానే పోయినా కొత్తది వేయొచ్చు. నెక్ వంకరైతే మాత్రం పని పెద్దది. అందుకే సెకండ్ హ్యాండ్ గిటార్ చేతికిస్తే నేను ముందు నెక్ వెంబడి చూపు సారించి చూస్తాను, మెరుపు సంగతి తర్వాత.