రెండు గిలకలూ కలిసి తిరగాలి: కాంపౌండ్ విల్లు కేబుళ్ల వెనకటి కథ

మా అక్క కూతురు కాంపౌండ్ విల్లు, అంటే రెండు కొసల్లోనూ గిలకలుండే విల్లు, పట్టి ఏడాదిన్నర అయింది. పోయిన వేసవి సెలవులకి కోనసీమలో మా ఇంటికి వచ్చినప్పుడు విల్లు కూడా వెంట తెచ్చుకుంది. కొబ్బరితోట చివర గడ్డిమోపులు పేర్చి, వెనకాల మట్టిగట్టు ఉండేలా చూసుకుని, ముప్పై మీటర్లు కొలిచి గురి పెట్టాం. ఆరు బాణాలు వేసింది. ఎడమకి గానీ కుడికి గానీ ఒక్కటీ తప్పుకోలేదు. కానీ అన్నీ ఒకే నిలువు గీత మీద, జానెడు మేర, పైకీ కిందికీ పడ్డాయి.

“తప్పు నా చేతిదా మావయ్యా, విల్లుదా?” అంది.

మళ్ళీ బాణం ఎక్కించి, గురివైపే ఉంచి, నిండా లాగి పట్టుకోమన్నాను. విల్లు కొసల్లో తిరిగే వంకర చక్రాన్ని క్యామ్ అంటారు. పక్కన నిలబడి ముందు పై క్యామ్‌ని, తర్వాత కింది క్యామ్‌ని చూశాను. పై క్యామ్ మీదుండే చిన్న మొల వచ్చి కేబుల్‌ని ఆనుకుంది. కింది మొలకీ దాని కేబుల్‌కీ మధ్య మాత్రం బియ్యపుగింజ పట్టేంత ఖాళీ ఉంది. రెండు చక్రాలూ కలిసి తిరగట్లేదు, ఒకటి ముందు పోతోంది, ఇంకోటి వెనకపడుతోంది. బాణం తోక తిన్నగా ముందుకు పోకుండా నిలువుగా ఊగుతూ పోతోంది. పిల్ల చేతిలో ఏ తప్పూ లేదు.

అది సెకండ్‌హ్యాండ్ విల్లు. అమ్మినవాళ్ళు “అంతా సెట్ చేసే ఇస్తున్నాం” అన్నారు గానీ, కేబుళ్లు ఎన్నేళ్ల నాటివో చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఖాళీ సరిచెయ్యాలంటే విల్లు కొమ్మల్ని, అంటే పైనా కిందా వంగే రెండు భాగాల్ని, నొక్కిపట్టే ప్రెస్ ఉండాలి. మా చుట్టుపక్కల ఎంత వాకబు చేసినా అది దొరకలేదు. చివరికి విల్లు పెట్టె ఒళ్ళో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాం.

ఈ కబురు ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 1972లో మ్యూనిక్‌తో విలువిద్య మళ్ళీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది మొదలు అక్కడ గిలకలు లేని, కొసలు ముందుకి వంగిన రికర్వ్ విల్లుకే చోటు. కాంపౌండ్ బయటే ఉండిపోయింది. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ తలుపు తీసింది. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ ఉంటుంది. మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది ఈ విల్లుతోనే. డెల్టాలో తల్లిదండ్రులు కూడా ఇప్పుడు ఈ విల్లు ధర అడుగుతున్నారు. ధర అడుగుతారు, బరువు అడుగుతారు, ఏ కంపెనీదని అడుగుతారు. కేబుల్ సంగతి మాత్రం ఎవరూ అడగరు. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది అదే. ఎందుకంటే ఈ విల్లు పుట్టిన నాటి నుంచీ దాన్ని తయారుచేసేవాళ్ళు ఎక్కువగా తల పట్టుకున్నది కేబుల్ దగ్గరే.

ఇరుసు పక్కకి జరిపిన గిలక

వెదురు విల్లు మనకి కొత్త కాదు. పాపికొండల్లో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా పట్టింది అదే. ఇవాళ్టికీ జాతీయ పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’ పేరిట వెదురు విల్లుకి ఒక విభాగం ఉంది. ఆ విల్లు గుణం ఒకటే: లాగేకొద్దీ బరువెక్కుతుంది. నిండా లాగి గురి చూడాల్సిన క్షణానే చేతిమీద భారం అన్నిటికన్నా ఎక్కువ. చెయ్యి వణికేలోపు వదిలెయ్యాలి.

దీన్ని తిరగేసినవాడు అమెరికాలో మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్. మామూలు రికర్వ్ విల్లు కొసలు కోసేసి అక్కడ గిలకలు బిగించాడని చెప్తారు. 1966లో పేటెంట్‌కి దరఖాస్తు పెడితే 1969 డిసెంబరు 30న చేతికొచ్చింది. అసలు కిటుకు గిలక పెట్టడంలో లేదు, దాని ఇరుసు రంధ్రాన్ని నడిమధ్యన కాకుండా పక్కకి జరిపి తొలవడంలో ఉంది.

నూతి గిలక మీద ఊహించుకుంటే ఇది ఇట్టే తెలుస్తుంది. ఇరుసు మధ్యలో ఉంటే చేద ఎక్కడున్నా చేతికి ఒకటే బరువు. అదే ఇరుసు పక్కకుంటే, గిలక తిరుగుతున్నకొద్దీ తాడుకీ ఇరుసుకీ మధ్య దూరం మారిపోతుంది. దూరం తక్కువైనప్పుడు లాగడం కష్టం, ఎక్కువైనప్పుడు సులువు. కాంపౌండ్ విల్లులో ఒక్కో చక్రానికీ రెండు గాడులుంటాయి. ఒకదానిలో అల్లెతాడు, రెండోదానిలో అవతలి కొమ్మకి పోయే కేబుల్. లాగడం మొదలెట్టినప్పుడు అల్లెతాడు ఇరుసుకి దగ్గర, కేబుల్ దూరం కాబట్టి భారం గబగబా పెరుగుతుంది. చక్రం తిరిగి చివరికొచ్చేసరికి అల్లెతాడు దూరం జరిగి కేబుల్ ఇరుసుని చేరుకుంటుంది. కొమ్మలు అప్పటికి బాగా వంగి ఉన్నా చేతిమీద భారం ఒక్కసారిగా జారిపోతుంది. దీన్నే ఆటగాళ్ళు లెట్-ఆఫ్ అంటారు.

అంకెల్లో చూద్దాం. అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్ విల్లుని లాగే బరువుకి 60 పౌండ్లు హద్దు, అంటే 27 కిలోలు. మన కొట్లలో అమ్మే 26 కిలోల బియ్యం బస్తా కన్నా కొంచెం ఎక్కువ. లెట్-ఆఫ్ 75 శాతమైతే గురి చూసేటప్పుడు చేతిమీద మిగిలేది ఏడు కిలోలలోపే. పైగా లాగే దారిలో చాలామేర భారం పైస్థాయిలోనే నిలబడుతుంది గనక, అదే బరువున్న మామూలు విల్లు కన్నా ఇందులో ఎక్కువ శక్తి దాగుతుంది.

అలెన్ దగ్గర హక్కులు పుచ్చుకుని దీన్ని జనంలోకి తెచ్చినవాడు కాలిఫోర్నియాలో విళ్ళు చేసే టామ్ జెన్నింగ్స్. మొదట్లో కొమ్మల కొసల్లో రెండు చక్రాలు, అవి కాక ఇంకో రెండు చిన్న గిలకలు ఉండేవి. తర్వాత ఆ చిన్నవి పోయాయి. అలెన్ 1979లో కారు ప్రమాదంలో చనిపోయాడు. తన విల్లు ప్రపంచ పోటీల దాకా పోవడం ఆయన చూడలేదు. కాంపౌండ్‌ని ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చేర్చింది 1995లో, ఆసియా క్రీడల్లో చేర్చింది 2014లో. ఆ ఇంచియాన్ క్రీడల్లోనే మన పురుషుల జట్టు బంగారం గెలిచింది.

తీగ పోయి పోగు వచ్చింది

తొలినాళ్ళ కేబుళ్లు ఉక్కు తీగలు. పైన ప్లాస్టిక్ తొడుగు, కొసన ఒక కొక్కెం, దానికి అల్లెతాడు తగిలించేవాళ్ళు. ఉక్కు సాగదు, అది దాని మంచిగుణం. కానీ బరువు. బాణం వదిలినప్పుడు అల్లెతాడుతో పాటు కేబుళ్లూ కదలాలి, వాటిని కదిపిన శక్తి బాణానికి అందదు. పైగా తొడుగు లోపల ఒక్కో పోగూ తెగుతున్నా పైకి కనిపించదు. ఉప్పుగాలి తగిలే మాలాంటి ఊళ్ళలో అయితే తుప్పు వేరే.

1980లలో కొత్తరకం పాలిథిలీన్ పోగులు వచ్చాయి. అమెరికాలో స్పెక్ట్రా, నెదర్లాండ్స్‌లో డైనీమా. బరువుకి తగ్గ బలం చూస్తే ఉక్కు వాటి ముందు నిలవదు. ముందు అల్లెతాడుకి, ఆపై కేబుళ్లకీ అవే వచ్చాయి. బాణం వేగం పెరిగింది. దాంతోపాటే ఒక కొత్త తలనొప్పీ వచ్చింది.

కొబ్బరిపీచు చేంతాడు కొత్తలో కొంచెం సాగి, తర్వాత కుదురుకుంటుంది. ఈ పాలిథిలీన్ పోగు అలా కాదు. ఎప్పుడూ బిగువులో ఉంటే రోజురోజుకీ కొద్దికొద్దిగా పొడవవుతూనే ఉంటుంది, మళ్ళీ వెనక్కి రాదు. కాంపౌండ్ విల్లులో కేబుల్‌కి విశ్రాంతి లేదు. వెదురు విల్లుకైతే పని అయ్యాక అల్లెతాడు దించేస్తాం. దీనికి దించే వీలు లేదు, పెట్టెలో పడుకున్నా కేబుళ్లు బిగిసే ఉంటాయి. అందుకని తర్వాత వెక్‌ట్రాన్ అనే ఇంకో పోగు కలిపి పేనడం మొదలెట్టారు. అది సాగదు, కానీ రాపిడికి తట్టుకోదు. ఒకదాని లోటు ఇంకోటి పూడ్చేలా కలిపిన ఆ తాళ్ళు వచ్చాక కేబుళ్లు మాట వింటున్నాయి.

డెల్టాలో వాళ్ళు తేమ గురించి బెంగపడతారు. పాలిథిలీన్ నీళ్ళు పీల్చదు, కాబట్టి వానాకాలం దాన్ని పెద్దగా ఏమీ చెయ్యదు. దానికి పడనిది వేడి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డిక్కీలో విల్లు పెట్టి భోజనానికి వెళ్ళొస్తే, వేడికి పోగు మామూలుకన్నా త్వరగా సాగుతుంది. మా పిల్ల విల్లు కూడా మునుపటి యజమాని దగ్గర అలా ఎన్ని మధ్యాహ్నాలు గడిపిందో.

రెండింటి మధ్య పొత్తు

కేబుల్ పొడవులో చిన్న తేడా వస్తే ఇంత గొడవ ఎందుకంటే, విల్లుకి చక్రాలు రెండు. ఒక కేబుల్ కాస్త సాగితే దాని చక్రం ముందో వెనకో అవుతుంది. 1980లలో గుండ్రటి చక్రాలు పోయి, వేగం కోసం గుడ్డు ఆకారంలో, ఇంకా వంకర ఆకారాల్లో క్యాములు వచ్చాక ఈ తేడా మరీ ముదిరింది. ఆటగాడు వారానికోసారి రెండింటినీ సరిచూసుకునే రోజులవి.

1992లో మాథ్యూస్ కంపెనీ మాట్ మెక్‌ఫర్సన్ దీనికి మొండి పరిష్కారం తెచ్చాడు. కలిసి తిరగనప్పుడు రెండెందుకని క్యామ్ ఒక్కటే కింద పెట్టి, పైన మామూలు గుండ్రటి గిలక వేశాడు. పొత్తు కుదర్చాల్సిన పనే లేదు. వేటగాళ్ళు దాన్ని ఎగబడి కొన్నారు. కానీ అల్లెతాడు చాలా పొడవు, సాగేదీ అంతకంత ఎక్కువ. బాణం తోకని తిన్నగా నడపడానికి క్యామ్ ఆకారంలోనే చాలా లెక్కలు వెయ్యాలి.

తర్వాత డార్టన్ కంపెనీ రెక్స్ డార్లింగ్టన్ మళ్ళీ రెండు క్యాముల దగ్గరికొచ్చి, పైదాన్ని కిందిదానికి ఒక కేబుల్‌తో కట్టి, దాని వెంటే తిరిగేలా చేశాడు. హోయిట్ కంపెనీ 2003లో ‘క్యామ్ అండ్ హాఫ్’ తెచ్చాక ఈ హైబ్రిడ్ పద్ధతి ఊరూరా పాకింది. 2005లో బోటెక్ ఇంకో అడుగు వేసింది. కేబుల్ కొసల్ని కొమ్మలకి కాకుండా ఎదురు క్యామ్‌కే కట్టింది. ఒకటి ముందుకు పోవాలంటే రెండోది తాడు వదలాలి. దీన్ని బైనరీ అంటారు. ఇన్ని పద్ధతుల్లో నాకు మనసుకి నచ్చింది ఇదే. పొత్తు కోసం మనిషి కాపలా కాయక్కర్లేదు, తాళ్ళే చూసుకుంటాయి. అలాగని దీన్ని చూడకుండా వదిలేయమని కాదు.

ఇక పక్కలాగుడు. చిన్నప్పుడు నూతి దగ్గర మా నాయనమ్మ కేకలేసేది: “ఎదురుగా నిలబడి తోడరా, పక్కనుంచి లాగితే తాడు గిలక దిగిపోద్ది!” కాంపౌండ్ విల్లులో కేబుళ్లు సరిగ్గా బాణం పోయే దారిలో ఉంటాయి. అందుకని ఒక కడ్డీతో వాటిని పక్కకి నెట్టి ఉంచుతారు. అంటే నాయనమ్మ వద్దన్న పని ప్రతి బాణానికీ జరుగుతుందన్నమాట. చక్రం ఒరుగుతుంది, చేతిలో విల్లు మెలితిరగబోతుంది, బాణం పక్కకి జరుగుతుంది. ఆ కడ్డీ మీద మొదట ప్లాస్టిక్ జారుడు ముక్క ఉండేది, తర్వాత చిన్న రోలర్లు వచ్చాయి, ఆపైన లాగినప్పుడు తనూ కొంచెం లోపలికి వంగే కడ్డీ. కేబుల్ కొసని రెండుగా చీల్చి ఇరుసు రెండు పక్కలా కట్టే పద్ధతీ ఉంది. ఒక పాయకి మెలిక ఎక్కించి, ఇంకో పాయకి తగ్గిస్తే ఒరిగిన చక్రం నిలబడుతుంది.

తుపాకీలా పిడి ఉండే అడ్డవిల్లు క్రాస్‌బోలో ఈ బాధ ఇంకా ఎక్కువ. 1139లో చర్చి పెద్దలు క్రైస్తవుల మీద వాడొద్దని నిషేధించిన ఆ పాత ఆయుధానికి ఇప్పుడు క్యాములు వచ్చాయి. దాని బాణం పట్టా మీద నడుస్తుంది, కేబుళ్లు పట్టా కిందుగా పోతాయి. కాబట్టి చక్రాన్ని ఎప్పుడూ కిందికే లాగుతుంటాయి. రావిన్ కంపెనీ క్యామ్ మీద మరమేకు చుట్టులాంటి గాడి కోసి, కేబుళ్లు పైకీ కిందికీ సమంగా చుట్టుకునేలా చేసింది. ఒరుగుడు తగ్గడంతో క్యామ్ 340 డిగ్రీలు తిరగగలిగింది. విల్లు వెడల్పు ఎక్కుపెట్టినప్పుడు ఇరుసు నుంచి ఇరుసుకి ఆరంగుళాలకి కుదించుకుపోయింది. అది వేటకోసం చేసినది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద వేటకి అనుమతి లేదు, ఉండకూడదు కూడా. అయినా ఆ గాడి వెనకున్న లెక్క గిలకలతో పనిచేసే ఎవరికైనా పనికొచ్చేదే.

బెజవాడలో విల్లు చూసిన కుర్రాడు ముందుగా కేబుల్‌ని వేళ్ళతో తడిమాడు. క్యామ్ అంచు తగిలే చోట పోగులు నూగులా లేచి ఉన్నాయి. “కేబుళ్లు మార్చాలండి, ఇవి ఇంక సర్దుకోవు,” అన్నాడు. ప్రెస్‌లో పెట్టి కొమ్మలు నొక్కి, పాతవి విప్పి కొత్తవి ఎక్కించాడు. తర్వాత విల్లుని ఒక చెక్కమీద బిగించి మరతో నెమ్మదిగా లాగాడు. పై మొల ముందు తగిలింది. మళ్ళీ ప్రెస్‌లో పెట్టి, కేబుల్ ఒక కొస తీసి రెండు మెలికలు వేశాడు. ఈసారి రెండు మొలలూ ఒక్కసారే ఆనాయి. పనంతా గంటన్నర, దారి ఖర్చులూ సమయమూ దానికి ఎన్నో రెట్లు.

పూర్తి సరంజామాతో విల్లు కొనాలంటే లక్ష దాటుతుంది. అప్పో సప్పో చేసి కొన్నవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలకి కాకినాడలోనో భీమవరంలోనో ఒక ప్రెస్, లాగి చూసే ఒక చెక్క, ఆ పని తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ప్రెస్ లేకుండా ఇంట్లో కేబుల్ విప్పడం ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి ఇది యూట్యూబ్ చూసి చేసుకునే పని కాదు. బాణం లేకుండా లాగి వదిలినా, లాగే బరువులో పౌండుకి ఐదు గ్రెయిన్ల (బాణాలు తూచే చిన్న కొలత) కన్నా తేలికైన బాణం వేసినా క్యామ్ వంగొచ్చు, కేబుల్ ఊడొచ్చు. 60 పౌండ్ల విల్లుకి ఆ లెక్కన బాణం బరువు 19.5 గ్రాములకి తగ్గకూడదు.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటేదాకా మా పిల్ల మాట్లాడలేదు. పెట్టె తెరిచి పాత కేబుళ్లని వేళ్ళ మీద చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఇంటికొచ్చాక తెల్ల పెయింట్ పెన్నుతో రెండు క్యాముల మీదా కేబుల్ ఆనే చోట చిన్న గీత పెట్టింది. నోట్‌బుక్‌లో తేదీ వేసి, వేసిన మెలికలు, నెలకోసారి చూడాల్సిన గీత రాసుకుంది. మర్నాడు పొద్దున్న తోటలో వేసిన ఆరు బాణాలూ నా అరచేతి కింద ఇమిడిపోయాయి.