ఆరు అంకెల కోడ్ వెనక గడియారం

ఫోటోలు, లెక్కలు, పాత డాక్యుమెంట్లు అన్నీ చేరే నాస్ సర్వర్‌కు, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచిపెట్టే కంప్యూటర్‌కు, పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా అయితే చాలదు. అది ఒకసారి బయటపడిందంటే ఎక్కడినుంచి ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే టూ ఫ్యాక్టర్ ఆన్ చేసుకుంటాం. అప్పుడు పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపించే ఆరు అంకెల కోడ్ కూడా కొట్టాలి.

ఫోన్‌లో నెట్ లేకపోయినా ఈ కోడ్ వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ పంపడం లేదు. సెటప్‌లో స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. అక్కణ్ణుంచి ఆ కీ సర్వర్‌లోనూ, ఫోన్‌లోనూ ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 30తో భాగిస్తే వచ్చే పూర్ణసంఖ్యను ఈ కీతో కలిపి, రెండూ విడివిడిగా ఒకే లెక్క కడతాయి. మామూలుగా 20 బైట్ల ఫలితం వస్తుంది. అందులో 4 బైట్లు తీసుకుని పది లక్షలతో భాగిస్తే మిగిలే శేషమే మన కోడ్. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడిన పద్ధతి ఇది. ఒకదాంతో ఒకటి మాట్లాడుకోకుండానే రెండు యంత్రాలు ఒకే అంకె దగ్గరకు చేరడం నాకు ఎప్పటికీ అద్భుతమే.

చిక్కల్లా టైమ్‌తోనే. ఫోన్ తన టైమ్‌ను నెట్‌వర్క్ నుంచి సరిచేసుకుంటుంది. ఏళ్ల తరబడి ఓ మూలన నడిచే సర్వర్ గడియారం మాత్రం మెల్లగా పక్కకు జరుగుతుంది. అటూ ఇటూ ఒక 30 సెకన్ల తేడాను సాధారణంగా ఒప్పుకుంటారు. అది దాటితే సరైన కోడ్ కొట్టినా లోపలికి రానివ్వదు, ఇక టెన్షన్ మొదలు. కాబట్టి ముందు సర్వర్‌లో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేసి, టైమ్ సరిగ్గా ఉందని చూసుకున్నాకే క్యూఆర్ జోలికి వెళ్లండి. స్కాన్ అయ్యాక కూడా ఉన్న సెషన్ మూసేయకుండా, వేరే బ్రౌజర్‌లో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకునే రికవరీ కోడ్‌లు ఇస్తే కాగితం మీద రాసుకోండి. వాటిని ఆ సర్వర్‌లోనే దాస్తే అవసరమైన రోజున చేతికి అందవు.

ఒక సంగతి చాలామంది గమనించరు. ఈ కోడ్ సాధారణంగా వెబ్ లాగిన్‌కే కాపలా. కంప్యూటర్‌లో డ్రైవ్‌లా కనిపించే ఎస్‌ఎంబీ షేర్ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. 2022 జనవరిలో క్యూనాప్ కంపెనీ నాస్ సర్వర్ల మీద పడిన డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) అయితే సాఫ్ట్‌వేర్ లోపంలోంచి దూరింది, దానికి లాగిన్‌తోనే పనిలేదు. అలాంటి దాడి జరిగితే అప్‌డేట్లు, విడిగా తీసి పెట్టుకున్న బ్యాకప్ డిస్కే ఆదుకుంటాయి.