చీటీ దిద్దుకునే ఆక్టోపస్

చిన్నీ, బాబీ,

"తాతయ్యా, మనకి చలేస్తే దుప్పటి కప్పుకుంటాం. ఆక్టోపస్ ఏం కప్పుకుంటుంది?" అని చిన్నీ ఫోన్‌లో అడిగిన దగ్గర్నుంచీ నాకూ అదే ఆలోచన. ఏమీ కప్పుకోదమ్మా. దాని ఒంటికి మనలా సొంత వెచ్చదనం లేదు. నీళ్ళెంత చల్లనో ఒళ్ళూ అంత చల్లన. అంత చలికి మెదడు మొద్దుబారాలి కదా? అది మాత్రం పీతల వేట మానదు.

నా చిన్నప్పుడు మా అక్క పెళ్ళై ఢిల్లీ వెళ్ళింది. మొదటి చలికాలమే "అమ్మా, పాలు తోడుకోవడం లేదు" అని కార్డు రాసింది. అమ్మకి ఎర్ర అట్ట నోట్‌బుక్ ఒకటుండేది, ట్రంకు పెట్టెలో చీరల అడుగున. అందులో "గోరువెచ్చని పాలు, చుక్క తోడు" అని ఉంది. అమ్మ చెబుతుంటే నేను చీటీ రాశాను: పాలు ఇంకాస్త వేడిగా, తోడు చెంచాడు, గిన్నెకి కంబళి చుట్టాలి. ఉత్సాహం ఆగక నోట్‌బుక్‌లో కూడా దిద్దబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది. "పుస్తకం దిద్దేస్తే ఎండాకాలం ఏం చేస్తావురా?" చేతిలో పెన్సిల్ ఉంది కదా అని అన్నీ దిద్దేయకూడదని ఆ రోజే తెలిసింది నాకు.

ఆక్టోపస్ కణాల్లోనూ అలాంటి పుస్తకం ఉంది, డీఎన్ఏ. కావలసిన ముక్కని ఆర్ఎన్ఏ అనే చీటీ మీదికి ఎత్తిరాసుకుని, ఆ చీటీ ప్రకారం ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. మనమూ అంతే. అయితే ఆక్టోపస్ తన నరాల్లోని చీటీల మీద ఎన్నో చోట్ల ఒక్కో అక్షరం మార్చుకుంటుంది. పుస్తకం జోలికి పోదు. కాలిఫోర్నియా తీరపు రెండు చుక్కల ఆక్టోపస్‌లని కొన్నిటిని 22 డిగ్రీల నీళ్ళలో, కొన్నిటిని 13 డిగ్రీల నీళ్ళలో ఉంచి చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. వేడిని బట్టి దిద్దుబాటు మారే చోట్లు 20,000 పైనే! వాటిలో ఎక్కువ చోట్ల దిద్దుబాటు చలిలోనే పెరిగింది. మార్పు గంటల్లో మొదలై, నాలుగు రోజుల్లో కుదురుకుంటుంది. మళ్ళీ వెచ్చబడితే కొత్త చీటీలు.

రక్తం సంగతి ఇంకో వింత. రాగి ఉండడం వల్ల అది నీలంగా ఉంటుంది. చలిలో ఆ రక్తం ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని ఒంటికి సరిగా వదలదు. అందుకే అంటార్కిటికా ఆక్టోపస్ రక్తంలో ఆ నీలి పదార్థమే ఎక్కువ ఉంటుంది. మూడు గుండెలు దాన్ని తోస్తుంటాయి. మూడు! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ రాత్రి అమ్మ పాలు తోడుపెట్టేటప్పుడు పక్కన నిలబడండి. గిన్నెకి వేలు తగిలించి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ వేలినే చూడండి.

మీ తాతయ్య