జలుబు తగ్గిన నెలకు వచ్చే జ్వరం: పిల్లల కరోనాపై అపోహలు - వాస్తవాలు

"సార్, టెస్టుల నెగెటివ్ అచ్చింది గదా, మళ్ల కరోనా అంటరేంది?" నర్సంపేట వాళ్లయినా, పరకాల వాళ్లయినా, భూపాలపల్లి వాళ్లయినా బిడ్డను ఎత్తుకొచ్చి అడిగే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పు లేదు. ఆ ఒక్క కాగితాన్ని నమ్మి ఇంట్లోనే రోజులు గడిపేయడం దగ్గరే ప్రమాదమంతా ఉంది.

అపోహ: జలుబు, దగ్గు తగ్గితే కరోనా అయిపోయినట్టే. టెస్ట్ నెగెటివ్ అయితే దాని ఊసే అక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువమంది పిల్లలకు నాలుగైదు రోజుల జ్వరం, సర్దితోనే పోతుంది, నిజమే. కొద్దిమందిలో మాత్రం వైరస్ సోకిన 2 నుంచి 6 వారాలకు రోగనిరోధక శక్తే అదుపు తప్పి గుండె, పేగులు, చర్మం, రక్తనాళాల మీద పడుతుంది. దీన్నే ఎంఐఎస్-సి (పిల్లల్లో ఒకేసారి పలు అవయవాలకు వాపు తెచ్చే జబ్బు) అంటాం. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు దీని మీద మొదటి హెచ్చరిక ఇచ్చారు. ఒమిక్రాన్ వచ్చాక బాగా తగ్గింది, ఇప్పుడు అరుదు. కాబట్టి ప్రతి జ్వరానికీ హడలిపోవద్దు. కానీ వచ్చిన బిడ్డకు ఒక్క రోజు ఆలస్యం కూడా చాలా ఖరీదు.

అప్పటికి ముక్కులో వైరస్ ఉండదు కనుక ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రావడం మామూలే. యాంటీబాడీ (వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే రక్షణ) పరీక్ష ఒక్కటే చూసి తేల్చలేం, ఎందుకంటే ఇప్పుడు చాలామంది పిల్లల్లో అవి ఉంటాయి. అందుకే "నెల, నెలన్నర కింద ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వచ్చిందా?" అని అడుగుతాం. ఆలోచించి చెప్పండి. బిడ్డకు అప్పుడు ఏమీ కాకపోయినా సరే, చెప్పండి.

చూడాల్సినవి ఇవి: మూడు రోజులు దాటిన జ్వరం, మందు వేస్తే దిగి మళ్లీ ఎక్కడం. పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు. పగిలిన పెదవులు, ఎర్రటి నాలుక, ఒంటి మీద దద్దు, ఉబ్బిన చేతులు, పాదాలు. వీటితో పాటు కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు. నొప్పి ఎంత గట్టిగా ఉంటుందంటే అపెండిక్స్ అనుకుని సర్జన్ దగ్గరికి తీసుకెళ్తారు. దద్దు చూసి 'అమ్మవారు' అని వేపాకు పరిచి పడుకోబెడతారు. వానాకాలమైతే డెంగీ అనుకుంటారు, ఎందుకంటే ప్లేట్‌లెట్లు దీనిలోనూ తగ్గుతాయి. డెంగీ, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) పరీక్షలు చేయాల్సిందే, కానీ అవి నెగెటివ్ వచ్చాక కూడా జ్వరం ఆగకపోతే అక్కడితో ఆపకూడదు. రక్తకణాలు, ఒంట్లో వాపు, రక్తం గడ్డకట్టే తీరు, గుండె దెబ్బ తెలిపే రక్తపరీక్షలు (సీబీపీ, సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్, ట్రోపోనిన్), ఈసీజీ, గుండె స్కాన్ (2డి ఎకో) చూడాలి.

అసలు నష్టం సెలైన్‌తో జరుగుతుంది. బిడ్డ నీరసంగా ఉందని ఊళ్లో వరసగా బాటిళ్లు ఎక్కిస్తారు. గుండె కండరం బలహీనపడి ఉంటే ఆ నీళ్లన్నీ ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఆసుపత్రిలో బీపీ పడిపోయినా కిలోకు 10 మి.లీ. చొప్పున, అంటే 10 కిలోల బిడ్డకు 100 మి.లీ. ఎక్కించి, కాలేయం పెరిగిందా, ఆయాసం హెచ్చిందా చూసుకున్నాకే తర్వాతిది ఇస్తాం.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బిడ్డ బొటనవేలి గోరును 5 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోట 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. 3 సెకన్లు దాటినా రాకపోతే, ఒళ్లు కాలుతూ చేతులు, కాళ్లు చల్లగా ఉంటే, 8 గంటలుగా మూత్రం రాకపోతే, బిడ్డ మత్తుగా పడి ఉంటే తెల్లారే దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి, పిల్లల ఐసీయూ, ఎకో ఉన్న చోటికే తీసుకెళ్లండి.

చికిత్స ఉంది. కిలోకు 2 గ్రాముల ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరానికి ఎక్కించే యాంటీబాడీలు), దానితో అదుపు తప్పిన రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్. వేళకు మొదలైతే ఎక్కువమందిలో గుండె పనితీరు కొన్ని వారాల్లో మామూలవుతుంది. ఐవీఐజీ ఇచ్చాక తట్టు టీకా 11 నెలలు ఆగాలి, టీకా కార్డు మీద రాయించుకోండి. గుండె డాక్టర్ సరేననే దాకా ఆటల పోటీలు వద్దు, బడిలో పీఈటీ సార్‌కు ముందే చెప్పండి.

స్టెరాయిడ్ అంత మంచిదైతే మొదటి రోజే ఎందుకివ్వరు అంటారు. మామూలు కరోనా జ్వరంలో అది వైరస్‌తో పోరాడే శక్తినే తగ్గిస్తుంది. చీటీ లేకుండా స్టెరాయిడ్ సిరప్ కొనకండి. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. తేలికపాటి జబ్బుకు సీటీ స్కాన్ అక్కర్లేదు. ఆవిరి పట్టి పసిపిల్లల ఒళ్లు కాల్చకండి.

ఆక్సిమీటర్ 98 చూపిస్తోందని నిశ్చింతగా ఉంటారు. పెద్దల క్లిప్ పసివేలికి సరిగా పట్టదు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆపైన 30. ఆ అంకెకు చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా డాక్టర్‌కు చూపించాలి.

జ్వరానికి పారాసిటమాల్ చాలు, కిలోకు 15 మి.గ్రా., 6 గంటలకోసారి. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలి: 125 సిరప్ (5 మి.లీ.లో 125 మి.గ్రా.) అయితే 6 మి.లీ., 250 సిరప్ (5 మి.లీ.లో 250 మి.గ్రా.) అయితే 3 మి.లీ., డ్రాప్స్ (మి.లీ.కి 100 మి.గ్రా.) అయితే 1.5 మి.లీ. డ్రాప్స్‌ను చెంచాతో పోస్తే ఒక్క 5 మి.లీ. చెంచాలోనే 500 మి.గ్రా. వెళ్తుంది, కాలేయం దెబ్బతింటుంది. సీసా మీది అంకె చదివాకే మూత తీయండి.

తల్లికి కరోనా వచ్చినా చనుబాలు ఆపకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్క్ పెట్టుకుని పాలివ్వండి.