ఇరవై యూరోల టికెట్ చివరికి ఎంత పడుతుంది? యూరప్ వీకెండ్ ట్రిప్పులపై అపోహలు - వాస్తవాలు

నేను ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన. ఇక్కడి తెలుగువాళ్లకు రెండు మూడు రోజుల ట్రిప్పులు కుదిర్చిపెట్టడం తొమ్మిదేళ్లుగా నా పని. మొదట్లో స్నేహితులకు ఊరికే చేసేవాణ్ణి, తర్వాత అదే వృత్తయింది. నా దగ్గరికి మాస్టర్స్ చదివే కుర్రాళ్లు వస్తారు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంటలు వస్తారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు నాలుగు ఊళ్లు చూపిద్దామనుకునే పిల్లలు వస్తారు. అందరూ అడిగేది ఒకటే: “చవకగా ఎక్కడికి వెళ్లొచ్చు?”

నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: “ఆ ఊళ్లో ఎన్ని గంటలు ఉంటారు?”

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసి సోమవారం పొద్దున తెరిచే మనిషికి, నిద్ర తీసేస్తే, చేతిలో మిగిలేది మహా అయితే ముప్పై గంటలు. మొత్తం ఖర్చును ఆ గంటలతో భాగించండి. నా లెక్కలో ట్రిప్ ధర అంటే అదే. కింద చెప్పేవన్నీ ఆ లెక్క తప్పినప్పుడు చూసినవి. కొన్ని నేను స్వయంగా తప్పినవి.

అపోహ: టికెట్ చవకైతే ట్రిప్ చవక

మొన్న అక్టోబర్‌లో ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, రానూపోనూ నలభై యూరోలే. ఇప్పుడే కొట్టేస్తున్నా.” ఏ ఎయిర్‌పోర్టు నుంచి అని అడిగితే “ఫ్రాంక్‌ఫర్టే అన్నా, హాన్” అన్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి దాదాపు 120 కిలోమీటర్ల దూరం. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు అని పేరు పెట్టి సూర్యాపేట దరిదాపుల్లో దింపినట్టు. యూరప్‌లో ఇలాంటివి చాలా ఉన్నాయి. పారిస్ బోవే నుంచి పారిస్‌కి సుమారు 85 కిలోమీటర్లు. స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా నుంచి ఊళ్లోకి 100. మ్యూనిక్ వెస్ట్ పేరుతో అమ్మే మెమ్మింగెన్ నుంచి మ్యూనిక్‌కి 110 దాకా. అన్నీ దండగ అనను. మిలాన్ బెర్గామో 50 కిలోమీటర్లే, పైగా బస్సులు వెంటవెంటనే ఉంటాయి. పోలండ్‌లోని క్రాకోవ్ ఎయిర్‌పోర్టు నుంచయితే రైలెక్కితే ఇరవై నిమిషాల్లో ఊళ్లో ఉంటాం.

ఆ తమ్ముడితో కూర్చుని వేసిన లెక్క ఇంకా నా నోటుబుక్కులో ఉంది. టికెట్ 40. సీటు కింద పట్టే చిన్న సంచికి మించి ఒక్క బ్యాగుకి రానూపోనూ 52. రెండు వైపులా ఎయిర్‌పోర్టు బస్సులకు 64. మొత్తం 156. తెల్లవారుజాము విమానం, దూరపు బస్సులు పోగా ఊళ్లో మెలకువగా ఉండేది 21 గంటలు. అంటే గంటకు ఏడు యూరోల పైమాటే. అదే ఊరికి అసలు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు నుంచి శుక్రవారం సాయంత్రం విమానం 118, అందులో చిన్న సూట్‌కేసు కూడా కలిసే ఉంది. రెండు వైపులా రైళ్లకు 14. మొత్తం 132, ఊళ్లో ముప్పై గంటలు. గంటకు నాలుగున్నర లోపే. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడని మనవాళ్లు నవ్వుతారు. ఇక్కడ ఏనుగు నలభై, అంకుశం యాభై రెండు!

బ్యాగ్ కొననంటారా, సరే. తక్కువ ధర విమానాల్లో కొన్ని పెద్ద కంపెనీలు ఇప్పుడు ఉచితంగా ఇచ్చే సైజు 40, 30, 20 సెంటీమీటర్లు. కాలేజీ బ్యాగ్ పడుతుంది. రెండు రాత్రులకు అంతకన్నా అక్కర్లేదు కూడా. కానీ అందులో ఆవకాయ సీసా పెట్టకండి. సెక్యూరిటీ వాళ్ల లెక్కలో అది ద్రవం కిందికే వస్తుంది. చాలా ఎయిర్‌పోర్టుల్లో వంద మిల్లీలీటర్లు దాటితే చెత్తబుట్టే. ఒక పెద్దావిడ గుంటూరు నుంచి తెచ్చుకున్న సీసా అలా పోయింది. ఆ ట్రిప్పులో ఆమె గుర్తు పెట్టుకున్నది అదొక్కటే.

ఇంకో మాట, ఇది మన పాస్‌పోర్టు వాళ్లకే. ఈ విమానాలు కొన్నిటిలో ఆన్‌లైన్ చెక్-ఇన్ అయినా, యూరప్ పౌరులు కానివాళ్లు సెక్యూరిటీకి ముందే కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు, వీసా లేదా రెసిడెన్స్ కార్డు చూపించాలి. అది వదిలేసి నేరుగా గేటు దగ్గరికి పోతే వెనక్కి పంపుతారు. ఆ పరుగు నేనూ పరిగెత్తాను.

అపోహ: షెంగెన్ వీసా ఉందిగా, పక్క దేశం కూడా చూసొస్తాం

డబ్బుతో పాటు పరువు కూడా పోయేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

షెంగెన్ అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. అందులో ఇప్పుడు 29 దేశాలు. క్రొయేషియా 2023లో చేరింది. రొమేనియా, బల్గేరియా 2025 జనవరి 1 నుంచి భూమార్గాల్లోనూ పూర్తిగా లోపలికి వచ్చాయి. ఐర్లండ్, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. సెర్బియా, బోస్నియా, అల్బేనియా మ్యాపులో మధ్యలో కనిపిస్తాయి గాని బయటివే.

నేను కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో ఒక అబ్బాయి తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు హంగరీలోని బుడాపెస్ట్ చూపించాలన్నాడు. అంత దూరం వెళ్తున్నారు, సెర్బియాలోని బెల్‌గ్రేడ్ కూడా చూసి రండని సలహా ఇచ్చింది నేనే. షెంగెన్ వీసా ఉన్నవాళ్లను సెర్బియా వేరే వీసా లేకుండా రానిస్తుంది, అది నిజమే. బయల్దేరే ముందు రాత్రి పెద్దాయన పాస్‌పోర్టు ఫొటో మళ్లీ చూస్తుంటే వీసా మీద ఎంట్రీల గడిలో ఒకటి అంకె కనిపించింది. అంటే సెర్బియాలోకి వెళ్లగలరు. మళ్లీ హంగరీలోకి రాలేరు. వాళ్ల తిరుగు టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి. బెల్‌గ్రేడ్ హోటల్ డబ్బులు వెనక్కి రావు, అవి నా జేబులోంచే కట్టాను. ఆ రోజు నుంచి నేను టికెట్ ధరకన్నా ముందు చూసేది ఆ గడి. అక్కడ మల్ట్ (ఎన్నిసార్లయినా రావొచ్చు) అని ఉంటేనే సరిహద్దు దాటే మాట.

జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉన్న విద్యార్థులకు ఈ బాధ లేదు. 180 రోజుల్లో 90 రోజుల వరకు మిగతా షెంగెన్ దేశాల్లో తిరగొచ్చు, ఎన్నిసార్లయినా బయటికి పోయి రావొచ్చు. వాళ్లకు బెల్‌గ్రేడ్ నిజంగా మంచి బేరం. 2025 జనవరి నుంచి అక్కడ సిటీ బస్సులు, ట్రాములు అందరికీ ఉచితం.

లండన్, మాంచెస్టర్‌లో ఉండే మనవాళ్ల లెక్క వేరు. పారిస్ రెండు గంటల దూరమే, కానీ భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. వీసా సెంటర్ చార్జీలు, ఇన్సూరెన్స్ అదనం. నలుగురి కుటుంబం ఒక్క వీకెండ్ కోసం ఇంత పెడితే చవక అనే మాటే ఎత్తకూడదు. ఆ వీసా మీద మూడు నాలుగు ట్రిప్పులు పడేలా ప్లాన్ చేసుకోవాలి, లేదా బ్రిటన్ వీసాతోనే రానిచ్చే చోటు చూసుకోవాలి. జార్జియా అలా రానిస్తుంది. టర్కీ ఈ-వీసా ఇస్తుంది. ఈ నియమాలు చెప్పాపెట్టకుండా మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి ఎంబసీ సైట్ చూడండి.

అపోహ: తూర్పు యూరప్ అంటే చవక, మిగతాదంతా ఖరీదు

పదేళ్ల కిందటి మాట ఇది. ప్రాగ్ పాత ఊరి చౌరస్తాలో కూర్చుని భోంచేస్తే బిల్లు మ్యూనిక్‌ని గుర్తుచేస్తుంది. ఇస్తాంబుల్ అగ్గువ అని ఇంకా అనుకుంటున్నారు. అక్కడి అయా సోఫియా మసీదులో విదేశీ టూరిస్టులకు 2024 నుంచి టికెట్ 25 యూరోలు, అదీ పై అంతస్తు గ్యాలరీ వరకే. టీ గ్లాసు, సిమిత్ రొట్టె చవకే, కాదనను. కానీ పేరున్నవి నాలుగు చూసేసరికి పర్సు తేలికవుతుంది. క్రాకోవ్, బల్గేరియాలోని సోఫియా, లాట్వియాలోని రీగా, లిథువేనియాలోని విల్నియస్ మాత్రం నా లెక్కలో ఇప్పటికీ నిలబడుతున్నాయి.

హోటల్ ధరను నిర్ణయించేది దేశం కాదు, ఆ ఊరికి ఎవరు వస్తారన్నది. బ్రస్సెల్స్‌కి సోమవారం నుంచి గురువారం దాకా యూరోపియన్ యూనియన్ ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లే ఎక్కువ. శుక్రవారం వాళ్లంతా ఇళ్లకు పోగానే హోటల్ గదుల ధరలు దిగుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్ కూడా అంతే. వెనిస్, ప్రాగ్‌లలో దీనికి పూర్తిగా రివర్స్, వీకెండ్‌కే మంట. కాబట్టి సెలవు దొరకనివాళ్లు శని, ఆదివారాలకు ఆఫీసుల ఊరు ఎంచుకోవాలి. పిల్లల సెలవుల్లో మంగళవారం, బుధవారం వెళ్లగలిగినవాళ్లు టూరిస్టుల ఊరికి పోవచ్చు.

క్యాలెండర్ కూడా చూడాలి. సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ మొదటి ఆదివారం దాకా, అంటే ఆక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లో, మ్యూనిక్ పేరెత్తకండి. బార్సిలోనాలో మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ జరిగే వారమూ అంతే. పండగ అయిపోయిన జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం వరకు, క్రిస్మస్ మార్కెట్లు ఇంకా మొదలవని నవంబర్ మొదటి సగం నాకు ఇష్టమైన రోజులు. చలి ఉంటుంది, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ మేరకు గంటలు తగ్గుతాయి, ధర మాత్రం అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ గురించి అడిగేవాళ్లకు రెండు అంకెలు చెబుతాను. గది ధర మీద టూరిస్టు పన్ను 12.5 శాతం. 2026 జనవరి నుంచి నెదర్లాండ్స్ అంతటా హోటల్ గదుల మీద వ్యాట్ 9 నుంచి 21 శాతానికి పెరిగింది.

అపోహ: ఉచితం అంటే ఉచితమే

ఇటలీలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు ఉచితం, కొలోసియం కూడా. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం. ఆ రోజుల్లో ఎండలో రెండు మూడు గంటలు క్యూలో నిలబడితే, ముప్పై గంటల్లో పదో వంతు పోయినట్టు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో అయితే నేనసలు ఒప్పుకోను, టికెట్ కొనిస్తాను. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ మాత్రం అన్ని రోజులూ ఉచితమే కాబట్టి అక్కడ ఇంత తొక్కిసలాట ఉండదు.

మన విద్యార్థుల్లో చాలామందికి తెలియనిది ఒకటుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 26 ఏళ్ల లోపు యూరప్ పౌరులకే కాదు, ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్లకూ ప్రవేశం ఉచితం. జర్మనీ రెసిడెన్స్ కార్డు చూపిస్తే చాలు. ఇండియా నుంచి చూడవచ్చిన తల్లిదండ్రులకు అదే మ్యూజియంలో 2026 జనవరి నుంచి టికెట్ 32 యూరోలు. కొడుకు ఉచితంగా, నాన్న ముప్పై రెండు పెట్టి లోపలికి వెళ్తారు. బయటికొచ్చాక “ఆ చిన్న మోనాలిసా బొమ్మ కోసమా?” అనేది నాన్నే.

అపోహ: సిటీ పాస్ తీసుకుంటే ఆదా

రోజుకు మూడు టికెట్ల చోట్లు చూసేవాళ్లకే. మనం ఒకటి చూసి, కాఫీ తాగి, ఫొటోలు దిగేసరికి సాయంత్రమవుతుంది. వద్దు.

అపోహ: వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే తిండి ఖర్చు కలిసొస్తుంది

వారం రోజులకైతే నిజం. రెండు రాత్రులకు క్లీనింగ్ ఫీజే ఒక రాత్రి అద్దెలో సగం ఉండొచ్చు. పైగా బియ్యం, నూనె, ఉప్పు కొని సగం వదిలేసి వస్తాం. పొద్దున్నే కడుపునిండా టిఫిన్ కలిపి ఇచ్చే చిన్న హోటల్ మేలు.

క్రాకోవ్‌లో బార్ మ్లెచ్నీ అనే పాత కాలపు క్యాంటీన్లు ఉంటాయి. పేరుకు అర్థం పాల బారు. సోషలిస్టు రోజుల నాటి ఏర్పాటు, ప్రభుత్వ సబ్సిడీతో ఇప్పటికీ నడుస్తున్నాయి. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి, కిటికీ దగ్గర ప్లేటు తీసుకోవడమే. బంగాళాదుంప, పెరుగు జున్ను కూరి ఉడికించిన పియెరోగి కజ్జికాయ ఆకారంలో ఉంటుంది. శాకాహారులు ఒక్క జాగ్రత్త పడాలి. లోపల మాంసం లేకపోయినా పైన పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లుతారు. వద్దని ముందే చెప్పాలి.

పోలండ్ డబ్బు జ్లోటీ. అక్కడ కార్డు మిషన్ “యూరోల్లోనా, జ్లోటీల్లోనా” అని అడుగుతుంది. జ్లోటీ నొక్కండి. యూరో నొక్కితే మార్పిడి రేటు వాళ్లిష్టం. చెక్, హంగరీలలో కూడా అంతే. బల్గేరియా 2026 జనవరి నుంచి యూరోలోకి వచ్చింది కాబట్టి అక్కడ ఆ గొడవ లేదు.

అపోహ: విమానం ఎక్కకపోతే ట్రిప్ కాదు

జర్మనీలో నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ ఎలాగూ చాలామంది దగ్గర ఉంటుంది. దాంతో రీజినల్ రైళ్లలో సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బుర్గ్ స్టేషన్ దాకా పోవచ్చు. లక్సెంబర్గ్ ఇంకా బాగుంటుంది. 2020 నుంచి ఆ దేశమంతా బస్సులు, ట్రాములు, సెకండ్ క్లాస్ రైళ్లు ఉచితం. సరిహద్దు దగ్గరి ట్రీయర్ దాకా మన టికెట్, సరిహద్దు దాటాక వాళ్ల ఉచితం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నెమ్మది రైళ్లలో అర రోజు పడుతుంది. నా గంటల లెక్క ప్రకారం ఇది నష్టం. కానీ కోబ్లెంజ్ దాటాక కొండవాలు ద్రాక్షతోటల పక్కన, మోజెల్ నది వెంట రైలు పోతుంటే ఆ లెక్కను నేనే పక్కన పెడతాను.

అపోహ: ఇంగ్లీష్ రాని ఊళ్లో ఇబ్బంది పడతాం

ఫోన్ ఉండగా భాషకు టెన్షన్ లేదు. సోఫియాలో మాత్రం తల జాగ్రత్త. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే ఔను, పైకీ కిందికీ ఊపితే కాదు. మనం తెలుగువాళ్లం రెండూ కలిపి ఊపుతాం. మొన్న చలికాలం అమ్మను తీసుకెళ్లాను. జున్ను పెట్టి కాల్చే పొరల రొట్టె, బనిత్సా, ఒకటి అడిగాను. “ఇంకొకటా?” అన్నట్టు కొట్టావిడ వేలు చూపించింది. అమ్మ అడ్డంగా తల ఊపింది. రెండు ప్లేట్లు వచ్చాయి. కాదని చెప్పబోతే ఆవిడా అడ్డంగా తల ఊపి నవ్వింది. బిల్లు చూసి అమ్మ మూడోది కూడా చెప్పమంది.