ఆర్కిటెక్చర్ థియరీ జర్నల్‌కు పేపర్ పంపేవారిలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు పాఠం చెబుతూ, అప్పుడప్పుడు జర్నళ్లకు సమీక్షకుడిగా పనిచేస్తున్న నా దగ్గరకు ప్రతి సెమిస్టరులోనూ ఎవరో ఒకరు తిరస్కరణ ఉత్తరం పట్టుకుని వస్తారు. మన ఇంగ్లీషు వాళ్లకు ఆనదని కొందరు, ఎడిటోరియల్ బోర్డులో తెలిసినవాళ్లుంటేనే పని జరుగుతుందని మరికొందరు ముందే తీర్మానించుకుని ఉంటారు. నిరుడు వచ్చిన ఒక యువ అధ్యాపకురాలు, రెండేళ్ల శ్రమ సమీక్షకుల దాకా కూడా వెళ్లకుండా పది రోజుల్లో తిరిగొచ్చిందని చెప్పి, ఆపైన మాట పెగలక కూర్చుండిపోయారు. ఆమె పేపర్ చదివాను. అది వెనక్కి రావడానికి ఇంగ్లీషూ కారణం కాదు, పరిచయాలు లేకపోవడమూ కారణం కాదు.

అపోహ: థియరీ పేపర్ అంటే తత్వవేత్తల పేర్లతో మొదలు కావాలి.

మన దగ్గర అందరికంటే ఎక్కువ మందిని దెబ్బతీస్తున్నది ఈ నమ్మకమే. ఆమె పేపర్ కోనసీమలోని ఒక మండువా లోగిలి గురించి. మొదటి ఐదు పేజీలు జర్మన్ తత్వవేత్త హైడెగర్, తరువాత మూడు పేజీలు ఆర్కిటెక్చర్ చరిత్రకారుడు ఫ్రాంప్టన్ 1983లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన క్రిటికల్ రీజనలిజం, అంటే ఆధునిక కట్టడం స్థానిక నేలకూ వాతావరణానికీ కట్టుబడాలనే వాదం. ఇల్లు తొమ్మిదో పేజీలో గాని కనిపించదు. ఎడిటర్ అబ్‌స్ట్రాక్ట్‌నూ (వ్యాస సంగ్రహాన్నీ) మొదటి రెండు పేజీలనూ చదివేటప్పుడు వెతికేది ఒక్కటే: ఇంతవరకు ఈ విషయం మీద వచ్చిన రచనలతో ఈ వ్యాసకర్త ఎక్కడ విభేదిస్తున్నారు, కొత్తగా ఏమి నిరూపించబోతున్నారు? ఆ జవాబు దొరకనప్పుడు, ఎన్ని గొప్ప పేర్లున్నా పేపర్ అక్కడే ఆగిపోతుంది.

నిజానికి హైడెగర్ కూడా అలా రాయలేదు. నివాసం గురించి 1951లో డార్మ్‌స్టాట్‌లో ఆయన చేసిన ప్రసంగంలో బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతపు రైతు ఇల్లు వస్తుంది. మంచు బరువును మోసే వాలు కప్పు, భోజనపు బల్ల వెనుక పూజకు కేటాయించిన మూల అన్నీ ఆయన మాటల్లో కళ్లకు కడతాయి. మనం మాత్రం ఆ ఇంటిని వదిలేసి పరిభాషను తెచ్చుకుంటున్నాం.

వాస్తవం: థియరీ అంటే వాదన. అది మీ ఫీల్డ్‌వర్క్‌లోనే దొరకవచ్చు.

ఆమె సంచిలో చేత్తో గీసిన ప్లాన్ ఒకటి ఉంది. దాని అంచున పెన్సిల్‌తో, ఆ ఇంటి పెద్దావిడ చెప్పగా రాసుకున్న వివరాలున్నాయి: వీధి అరుగు మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు మెట్టు దగ్గరే నిలబడేవారు, పాలేరు ఏ గుమ్మం దాకా వచ్చేవాడు, చుట్టాలలో ఎవరికి మండువా దాకా ప్రవేశం ఉండేది. పేపర్‌లో ఈ సంగతి ఒక ఫుట్‌నోట్‌గా మిగిలింది. మండువాను ఆకాశానికి తెరుచుకున్న చోటుగా, కుటుంబాన్ని కలిపే చోటుగా కొనియాడే రచనలు చాలానే ఉన్నాయి. ఆ తెరపి వీధి వైపున్న ఈ అడ్డుగీతల మీదే ఆధారపడి ఉందని ఆ ప్లాన్ చెబుతోంది. అమ్మా, మీ వ్యాసం ఇదే అని చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయారు. మూడు నెలలు కూర్చుని అరుగుతో మొదలుపెట్టి తిరగరాశారు. హైడెగర్ ఒక పేరాకు తగ్గాడు.

కొత్త పేపర్‌కు వేరే జర్నల్ నుంచి మేజర్ రివిజన్ వచ్చింది. దాన్ని మర్యాదగా చెప్పిన తిరస్కరణ అనుకుని ఆమె మళ్లీ కుంగిపోయారు. అది తిరస్కరణ కాదు. ఇద్దరు సమీక్షకులు శ్రద్ధగా చదివి, ఇవి సరిచేస్తే మళ్లీ చూస్తామన్నారన్న మాట. ప్రతి అభ్యంతరానికీ విడివిడిగా జవాబు రాసి, అంగీకరించని చోట కారణం చూపించి పంపాలి. ఆమె అలాగే చేశారు. ఇప్పుడు పేపర్ రెండో విడత సమీక్షలో ఉంది.

తక్కినవి క్లుప్తంగా చెబుతాను. డబ్బు కట్టనిదే అంతర్జాతీయ జర్నల్‌లో పేపర్ పడదనే ప్రచారం నన్ను విసిగించింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నుంచి వెలువడే ఫుట్‌ప్రింట్ జర్నల్ పూర్తిగా ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవవచ్చు; రచయితల దగ్గర రుసుము తీసుకోదు. ఆర్కిటెక్చరల్ థియరీ రివ్యూ వంటి చందా పత్రికల్లో ఓపెన్ యాక్సెస్ కోరుకుంటేనే రుసుము. వారంలో అంగీకారం, వెంటనే చెల్లింపు అనే మెయిల్ వస్తే తెరవకుండా తీసేయండి. అలాంటి చోట ఒకసారి అచ్చయిన పేపర్‌ను మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు. పీహెచ్‌డీ గడువు భయంతో ఈ ఉచ్చులో పడుతున్న పరిశోధక విద్యార్థులను చూస్తే బాధ కలుగుతుంది. థీసిస్ సమర్పణకు ముందు పేపర్ తప్పనిసరన్న నిబంధనను విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2022 నవంబరులోనే తొలగించింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమి అడుగుతోందో లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. జవాబు ఆలస్యమైతే ఎడిటర్‌కు రాసి అడగవచ్చు, తప్పులేదు. బొమ్మ కింద ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అని వేస్తే చాలదు; హక్కుదారు అనుమతి తెచ్చుకోవలసిన బాధ్యత సాధారణంగా రచయితదే, కాబట్టి వీలైనంతవరకు మీరు కొలిచి గీసిన ప్లాన్లు, మీరు తీసిన ఫొటోలే వాడండి. రచయిత పేరు తెలియకుండా సమీక్ష జరిగే జర్నల్‌కైతే, పంపేముందు ఆ డ్రాయింగుల మూలన ఉన్న మీ పేరు కూడా చెరిపేయండి.