తోడుగా వచ్చినవాడిని ఎవరూ అడగలేదు

ఆశా కార్యకర్త గడప తొక్కిందంటే ఎక్కువగా తల్లినీ బిడ్డనీ చూడడానికే. గర్భిణి బరువు, పసివాడి టీకాలు, ఐరన్ మాత్రలు. ఆ రిజిస్టర్లో తండ్రి పేరు ఉంటుంది, అంతే. ఆ వేళకు ఆయన కూలికో చేనికో పోయి ఉంటాడు. ఇంట్లో ఉన్నా సరే, మగమనిషిని పట్టుకుని "రాత్రి నిద్ర పడుతోందా అన్నా?" అని అడిగే అలవాటు మనకు లేదు.

నాన్న మనసు ఎలా ఉందో అడగని ఈ లోటు పాతదే. మానసిక వైద్యంలోకి మన దేశం ఇంటివాళ్లను పిలిచింది అమృత్‌సర్‌లో. 1950లలో అక్కడి మానసిక వైద్యశాల సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు కుటుంబాన్నీ ఉండమన్నారు. ఆసుపత్రి కిక్కిరిసిపోయి, చూసే మనుషులు చాలని రోజులవి. ఇంటివాళ్లు దగ్గరుండి చూసుకున్నారు, డాక్టరు వాళ్లను కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పేవారు. దాంతో సంకెళ్ల భయం పోయింది, రోగులు త్వరగా ఇల్లు చేరారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చేది ఆ గుడారాలే. అయితే అక్కడ కూడా నాన్న తోడుగా వచ్చిన మనిషే. ఆయన సంగతి వేరే లెక్కలో లేదు.

తర్వాత వైద్యం పల్లెకు కదిలింది. 1975 ప్రాంతంలో బెంగళూరు దగ్గర సకలవారలో, హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలో ప్రయోగాలు, 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, ఆపైన బళ్లారిలో, జిల్లా స్థాయిలోనే మానసిక వైద్యం అందించేలా బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జిల్లా నమూనా. 1996లో ఆ నమూనాను ముందుగా అందుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. వీటన్నిటి చూపూ ముఖ్యంగా తీవ్రమైన మానసిక జబ్బుల మీద, మూర్ఛ మీద. అప్పు మీద అప్పు పడి, అన్నం దగ్గర కూడా మాట్లాడడం మానేసిన మనిషి ఆ జాబితాకు ఎక్కలేదు.

1997-98లో వరంగల్ పత్తిని లద్దె పురుగు తినేసి, రైతులు ఆత్మహత్యలు చేసుకున్నప్పుడు అలాంటి మనుషులు ఎందరున్నారో అందరికీ తెలిసింది. ప్రభుత్వం స్పందించింది, పరిహారంతో. 2004లో వచ్చిన జీవో 421 ప్రకారం లక్షన్నర: లక్ష కుటుంబానికి, యాభై వేలు అప్పులవాళ్లకు. దానికోసం చనిపోయిన రైతు భార్య చేతిలో ఉండాల్సినవి పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు, పోస్టుమార్టం రిపోర్టు. కౌలు రైతుకు పాసుపుస్తకం ఎక్కడిది? ఆఫీసుల చుట్టూ తిరిగే ఆమెకూ పిల్లలకూ మనసు ఎలా ఉందని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో పట్టికల్లో 2021లో దేశంలో 1,64,033 ఆత్మహత్యలు నమోదైతే, అందులో 81,063 మంది పెళ్లయిన మగవాళ్లు. వీళ్లలో ఎందరు తండ్రులో ఆ పట్టికలు చెప్పవు. 

మగవాళ్ల దగ్గరికి వెళ్లే దారి గోవాలో కొంత దొరికింది, అదీ తాగుడు వైపు నుంచి. జ్వరానికో ఒళ్లునొప్పులకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మగవాళ్లను తాగుడు గురించి అడిగి, హాని చేసే స్థాయిలో తాగుతున్న 377 మందిని, మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ ఎంచుకుంది. సగం మందితో, డాక్టర్లు కాని మామూలు శిక్షణ పొందిన సలహాదారులు కూర్చున్నారు. మహా అయితే నాలుగు సిటింగులు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన ఫలితం: మూడు నెలలకు వాళ్లలో 36 శాతం ఆ స్థాయి నుంచి బయటపడ్డారు, మిగతా సగంలో 26 శాతం. పెద్ద తేడా కాదనొచ్చు. కానీ తాగుడు మానిపించండని భార్య ఎవరి కాళ్లో పట్టుకోవడం కాకుండా, ఆయననే అడగడం ఇక్కడ కొత్త.

పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశాలు ట్యాబ్ పట్టుకుని ఆడా మగా అందరినీ దిగులు, ఆందోళనల గురించి అడిగిన ప్రాజెక్టు కూడా జరిగింది. ఇప్పుడు 14416కి ఫోన్ చేస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌లో తెలుగులోనే, ఉచితంగా, రాత్రయినా పగలైనా మాట్లాడొచ్చు. ఆశా రిజిస్టర్లో మాత్రం నాన్న ఇంకా పేరు గడిలోనే ఉన్నాడు.